కొట్టు ముందరి వెలుతురు

ఈ పూట కొట్టు తెరిచేసరికి నా చేతిలో ఉన్నవి చెప్పుకుంటే, బజారు మలుపులో గుహలా వెనక్కి సాగిపోయిన ఒక అద్దె కొట్టు, అందులో నిలువెత్తున పేర్చిన పాతబట్టల బేళ్లు, ఐసుగడ్డ అని బజారు నాకు పెట్టిన పేరు, ఆ పేరుకి తగ్గట్టు నేను పెట్టుకున్న మొహం, చూరు కింద కుట్టుమిషను దగ్గర నాకు వీపు చేసి కూర్చున్న నా భార్య. ఆవిడ కూర్చున్న ఆ నాలుగడుగుల చోటు మాత్రం నా చేతిలో లేదు. నిన్న సాయంత్రం దాకా ఉంది. ఆవిడకి తెలియదు. భోజనాలకని బజారంతా షట్టర్లు సగం దించే వేళకి పక్కకొట్టు గుండీలాయన తన అరలు మోయించుకుని వస్తాడు, ఆ చోట పెట్టుకుంటాడు, ఈలోగా నేను చెప్పాలి. ఇక గంటే ఉంది. గంటలో ఎన్నెన్ని బేరాలు తెంచలేదు నేను, ఒక్క మాటకి గంట చాలదా అనుకుంటూ, ఆ అనుకోవడంలోనే పావుగంట తినేశాను.

మిషను చప్పుడు ఆగదు. పరుగెత్తి, మలుపు దగ్గర తగ్గి, మళ్లీ పరుగు. ఎవరిదో పాత కోటు, జేబు మూల చిరిగింది, ఏ రంగు దారమైతే కనబడకుండా కలిసిపోతుందో ఆవిడ వెలుతురుకి ఎత్తి చూస్తోంది. చూరు కింద పడే వెలుతురు కొట్టులో ఇంకెక్కడా పడదు, వెనకవైపు పట్టపగలు కూడా నీలానికీ నలుపుకీ తేడా తెలియదు. ఆవిడ ఎడమకంటికి పొర ఉంది, పని చేసేది కుడికన్నే, ఆ ఒక్క కంటికి ఈ నాలుగడుగులు సరిపోయేవి. మొదట్లో అక్కడ నేను కోట్లు వేలాడదీసేవాణ్ణి, సరుకు ముందు కనబడాలి కదా అని. ఒక పొద్దున ఆవిడ నన్నడక్కుండానే కోట్లు పక్కకి జరిపి మిషను పెట్టుకుంది. నేను నసిగితే, చిరిగిన చొక్కా మీ దగ్గర ఎవరు కొంటారు, చిరుగు మాపే మనిషి కనబడితే చిరగనివి కూడా కొంటారు అంది. అదే నిజమైంది. జనం ఆవిడ చేతిపని చూడ్డానికి ఆగుతారు, ఆగినవాళ్లు లోపలికొస్తారు. ఈ వ్యాపారానికి ఆ నాలుగడుగులే అసలు, మిగతా కొట్టంతా దాని మీద వచ్చిన వడ్డీ. ఇది తెలియనివాడెవడైనా పోగొట్టుకుంటే సరే అనుకోవచ్చు. నాకు తెలుసు. తెలిసే పెట్టాను.

ఒకసారి చిన్నపిల్లల గౌను జేబులో కాగితం పొట్లం దొరికింది, విప్పితే పాలపన్ను. ఎవరి పిల్లదో, ఆ తల్లి ఎంత వెతుక్కుందో అని ఆవిడ ఆ పూటంతా ముక్కు చీదుతూనే కుట్టింది. పంటికి కూడా ఏడుస్తావా అని నేను నవ్వాను. మీరిప్పుడు నవ్వారా, అని అడిగింది ఆవిడ, నిజంగానే తెలియక. ఆ మాట అప్పుడు నాకు మెచ్చుకోలులా వినబడింది.

మా వ్యాపారంలో బేలు కట్టి ఉండగానే కొనాలి. ఎక్కడెక్కడివారో వదిలేసిన బట్టలు, ఎవరో ఎక్కడో కలిపి, అదిమి, గోనె చుట్టి, ఇనుప పట్టీలు బిగించి పంపిస్తారు, పైన ఉండేది ఒక గుర్తు మాత్రమే. పట్టీ తెంచాక లోపల కోట్లుంటే నీ అదృష్టం, మురికి దుప్పట్లుంటే నీ ఖర్మ, వెనక్కి తీసుకునేవాడుండడు. అందుకే మాలో కొందరు గోనెకి ముక్కు ఆనిస్తారు, కలరా ఉండల వాసనొస్తే ఉన్ని అని, కొందరు మూల నొక్కి చూస్తారు, కొందరు దొర్లించి బరువు చూస్తారు. నాకు ఇదంతా నేర్పింది మేనమామ. వాసనా బరువూ తర్వాత నేర్పాడు, మొదట మొహం నేర్పాడు. కొనేవాడి కన్ను మెరిస్తే అమ్మేవాడి నోరు పెరుగుతుందిరా, అనేవాడు. మంచి బేలు కనబడితే ఆవులించమనేవాడు. నేను ఆవులించడం నేర్చుకున్నాను. ఆ తర్వాత లాభానికి ఆవులించాను, నష్టానికి ఆవులించాను, మేనమామ పోయిన రోజున కూడా అందరూ నా వైపు చూస్తుంటే ఎక్కడ ఆవులింత వస్తుందోనని నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాను. నిమ్మకు నీరెత్తినట్టుంటాడు, మహా నిబ్బరం అన్నారు జనం. నిబ్బరమే అనుకున్నాను నేనూ.

పేకాట జోలికి పోలేదు. గుర్రాలు, టికెట్లు, ఏదీ లేదు. జూదమంటే అది వేడి రక్తం ఉన్నవాళ్ల జబ్బు అని నా లెక్క, కోపం ఆపుకోలేనివాడు, ఏడుపు ఆపుకోలేనివాడు, ఆశ మొహం మీద కనబడిపోయేవాడు ఆడతాడు, పోతాడు. దానికి నా దగ్గర సాక్ష్యం కూడా ఉంది, గుండీలాయన. గుండీలు, జిప్పులు, లేసులు అమ్ముతాడు, ఆయన కొట్టులో ఏదీ గోరంత కంటే పెద్దది ఉండదు, గొంతు మాత్రం బజారు చివరికి వినబడుతుంది. నా భార్యని చెల్లెమ్మా అంటాడు, ఆ లెక్కన నన్ను బావా అంటాడు. బేళ్లు కోసేటప్పుడు చూడ్డానికొచ్చి, ఇందులో మొదట చేతికి వచ్చేది పొడుగు చేతులా పొట్టి చేతులా చెప్పు బావా, ఓడినవాడు టీ ఇప్పించాలి, అన్నాడొకసారి. అలా మొదలైంది. టీలో ఏముంది. ఓడితే ఆయన తొడ చరుచుకునేవాడు, బేలుని తిట్టేవాడు, బేలు కట్టినవాడి ముత్తాతని తిట్టేవాడు, వరసగా మూడుసార్లు ఓడితే, ఛీ, నా మొహానికి ఇవాళ కలిసిరాదు అని దులుపుకుని లేచిపోయి, అన్నం తిని నిద్రపోయేవాడు. నేను గెలిచినా ఓడినా ఒకటే. చూడు, మనిషంటే ఐసుగడ్డలా ఉండాలి అని నన్ను చూపించేవాళ్లు. ఇప్పుడు ఈ స్టూలు మీద కూర్చుని లెక్క వేస్తుంటే తేలుతున్నదేమిటంటే, ఆయన నష్టం నోటి గుండా బయటికి పోయేది, ఇక ఆపేయమని ఆయనకి చెప్పే మనిషి ఆయన లోపల ఒకడుండి అరిచేవాడు. నాలో ఆ అరిచేవాణ్ణి నేను చిన్నప్పుడే నోరు నొక్కి కూర్చోబెట్టాను. వాడు అరవక, నేను లేవక, టీ పోయి సరుకు వచ్చింది, ఒక బేలుకి ఒక బేలు. చలికాలానికని దాచిన కోట్లు ఒక్కొక్క కట్టే పక్కకొట్టుకి నడిచాయి. ఆవిడ అడిగితే, అప్పుగా ఇచ్చాను, తిరిగొస్తాయి, అన్నాను. తిరిగొస్తాయనే నా నమ్మకం కూడా.

సరే, ఇప్పుడు చెప్పాలి. కొట్టులోకి వచ్చే తర్వాతి మనిషి ఆడమనిషైతే వెంటనే చెప్పేస్తాను అనుకున్నాను. వచ్చింది ఆడమనిషే, పిల్లాడికి స్వెట్టరు కావాలని. పరాయి మనిషుండగా చెబితే బాగుండదు, ఈమె ఏమైనా కొంటే చెబుతాను, అని మార్చాను. కొంది. సరే, చిల్లర లేకుండా ఇస్తే చెబుతాను. చిల్లర లేకుండానే ఇచ్చింది, మహాతల్లి, వెళ్లిపోయింది, మిషను మళ్లీ మొదలైంది. ఎదురుగా వీధిలో ఎర్ర బండి వెళ్తే చెబుతాను. అప్పుడు నాకు తట్టింది. పెళ్లాంతో చెప్పాల్సిన మాట మీద కూడా నేను పందేలు కాస్తున్నాను, గెలిచిన పందేన్ని కూడా ఓడినట్టు మార్చుకుంటున్నాను, పైగా ఎర్ర బండి కోసం వీధి వైపు చూస్తుంటే లోపల ఎక్కడో సన్నగా, హాయిగా, చీమలు పాకినట్టు ఉంది. సిగ్గు ఉండాల్సిన చోట హాయి ఉంది. నిన్నా అంతే.

నిన్న గోదాములో నలుగురూ చేరారు. గుండీలాయన ఒక బేలు మీద కాలు వేసి, ఏం బావా, దీన్లో ఉన్ని ఉందా లేదా, అన్నాడు. ఉంది, అన్నాను. ఏం పెడతావ్ అన్నాడు, పెట్టడానికి కోట్లేం మిగల్లేదుగా అని నవ్వి, నవ్వులాటకే, ఆ ముందు చోటు పెట్టు, ఎన్నేళ్లుగానో అద్దెకడుగుతున్నాను, నువ్వు గెలిస్తే నీ కోట్లన్నీ తిరిగి తీసుకుపో, నేను గెలిస్తే కొట్టు నీ చేతిలో ఉన్నన్నాళ్లూ ఆ చోటు నాది, అన్నాడు. ఆయన నవ్వులాటకే అన్నాడని నేనిప్పటికీ ఒప్పుకుంటాను. నేను ఆవులించి, సరే అన్నాను. నలుగురూ గుడ్లు తేలేశారు. ఆ గుడ్లు తేలేయడం నాకు తీపిగా తగిలింది, అది చెప్పకపోతే ఈ లెక్కంతా దొంగలెక్క అవుతుంది. బేలుకి కలరా ఉండల వాసన ఉంది, బరువు పరిమాణాన్ని మించి ఉంది, అంటే ఉన్నే. కానీ వానలకి వచ్చిన సరుకు, వానల సరుకుకి అడుగున చేయి పెట్టి చూడకుండా మాట ఇవ్వకూడదు, తడి ఉంటే గుడ్డ ముక్క కూడా కోటంత తూగుతుంది. ఇది బజారులో సగం మందికి నేర్పింది నేను. వంగడానికి నడుం కదిలింది కూడా. వంగి చేయి పెడితే, ఐసుగడ్డకి అనుమానం వచ్చింది అని నలుగురికీ తెలిసిపోతుంది. అంతే. దానికోసం వంగలేదు. పట్టీ తెగి కొరడాలా లేచింది, గోనె విచ్చుకుంది, కలరా ఉండలు నాలుగు దొర్లి పడ్డాయి, వాటి వెనక బూజు పట్టి, ముద్దలైన తువ్వాళ్లు. అన్నీ తువ్వాళ్లే. అడుగున నీళ్లు కారుతున్నాయి. గుండీలాయన గెలిచి కూడా అరవలేదు, ఆయన అరవకపోవడం నేను మొదటిసారి చూశాను. నేను ఒక తువ్వాలు పిండి, మిషన్లు తుడుచుకునేవాళ్లకి అమ్మొచ్చు, అన్నాను. మేకపోతు గాంభీర్యమంటే ఎలా ఉంటుందో చూడాలనుకున్నవాళ్లు నిన్న గోదాముకి రావాల్సింది.

ఇంటికి వెళ్లాను, తిన్నాను. ఆవిడ నా మొహం చూసి, ఇవాళ బేరాలు బాగున్నట్టున్నాయే, అంది. తేలుకుట్టిన దొంగలా ఊఁ అన్నాను. ఎప్పుడో, పెళ్లయిన కొత్తలో కాదు, ఆ తర్వాత చాలా ఏళ్లకి, కూతురు జ్వరంలో ఉన్నప్పుడు, ఆవిడ అన్న మాట రాత్రి పదేపదే వచ్చింది. మీకు కోపం రాదని అందరూ మెచ్చుకుంటారు, నాకు మాత్రం భయమేస్తుంది, మీ లోపల ఏం జరుగుతోందో నాకు తెలిసే దారి లేదు, అంది. అప్పుడు నేను దాన్ని ఆడవాళ్ల మాట కింద కట్టి పక్కన పెట్టాను. నేను మొహానికి తలుపు వేసుకున్నది దొంగలకి భయపడి కాదు, లోపలున్న దొంగ బయటపడకుండా అని ఆవిడకి తెలిసిందో ఏమో.

వీధిలో మొదటి షట్టరు సగానికి దిగిన చప్పుడు. గుండీలాయన కొట్టులో అరలు జరుపుతున్నారు, ఇనుము నేలకి రాసుకుంటోంది. ఎర్ర బండి రాలేదు. లేచాను. నాలుగడుగులు ముందుకి వేసి, ఆవిడ పక్కన నిలబడి, చొక్కాల రేటు చెప్పే గొంతుతోనే చెప్పాను.

"ఈ చోటు గుండీలాయనకి ఇచ్చేశాను. ఇప్పుడొస్తాడు."

మిషను ఆగింది. ఆవిడ కోటు ఒళ్లోకి లాక్కుంది. నన్నొక్క మాట అడిగుంటే బాగుండేది, అంది తర్వాత. మళ్లీ తనే, దారం కొరుకుతూ, సర్దుకుంది.

"ఎంతకిచ్చారు? మంచి అద్దెకే ఇచ్చుంటారు లెండి. నష్టానికిచ్చే మనిషి కాదుగా మీరు. నాకు వెనక మంచి లైటొకటి పెట్టించండి, పెద్దది. చూద్దాం."

ఎంత తేలికగా తలుపు తీసింది. లోపలికి నడిస్తే చాలు. నెలనెలా నా జేబులోంచే తీసి, ఇదిగో అద్దె అని ఆవిడ చేతిలో పెట్టొచ్చు, గుండీలాయన కోప్పడతాడేగాని మాట జారేవాడు కాదు, వెనక లైటు, అది కళ్లకి చాలకపోతే ఇంకో లైటు, ఎన్నాళ్లు నడుస్తుంది, ఏడాది నడుస్తుందా, నడుస్తుందని పెడితే, నడవదని పెడితే. లెక్క చకచకా పడిపోతోంది, చేతివేళ్ల చివర్లు వెచ్చబడుతున్నాయి, నిన్నటి హాయి మళ్లీ మెడ వెనక్కి పాకుతోంది. ఆవిడ పొర ఉన్న కన్ను కూడా నా వైపే ఉంది. నష్టానికిచ్చే మనిషి కాదుగా, అన్న మొహం. ఆ మొహం మీద నేను పందెం వేయబోతున్నాను.

"అద్దెకివ్వలేదు. పందెంలో పోయింది."

"నవ్వులాటకా?"

"కాదు. నిన్న బేలు మీద కాశాను. కోట్లు కూడా అప్పివ్వలేదు, అవీ అలాగే పోయాయి."

ఆవిడ నన్ను చూసింది. కళ్లు చూసింది, నోరు చూసింది, చిరుగు ఎక్కడ మొదలైందో వెతుకుతున్నట్టు. దొరకలేదు.

"మరి మొహం అలా ఉందేం?" అంది.

మొహాన్ని ఏం చేయాలో తెలియలేదు. ఏడుపు తెచ్చుకుందామంటే అది కూడా బేరమే అవుతుంది. అంతలో అరలు మోస్తున్న కూలీలకి ముందు నడుస్తూ గుండీలాయన వచ్చాడు, మా ఇద్దర్నీ చూసి గడప అవతలే ఆగిపోయాడు. చెప్పలేదా బావా ఇప్పటిదాకా, అని నన్ను తిట్టాడు, తనని తిట్టుకున్నాడు, కూలీలకి దించండ్రా అన్నాడు, కాదు ఎత్తండి అన్నాడు. రాత్రంతా నిద్రలేదు చెల్లెమ్మా, నవ్వులాటకి అన్నాను, ఈ మనిషి సరే అంటాడనుకోలేదు, అన్నాడు. చెమట తుడుచుకుని, నా భుజం మీద చేయి వేసి, ముఖం చూడకుండా, నాకు దారి చూపిస్తున్నట్టుగా అన్నాడు:

"ఒక పని చేద్దాం. ఇంకో బేలు కోద్దాం బావా. నువ్వే గెలుస్తావు, చోటు నీకే ఉంటుంది."

నేను గెలిచేలా ఓడిపోతానని చెబుతున్నాడు ఆయన. పసిపిల్లాడికైనా తెలుస్తుంది. చేతులు జోడించి వద్దనాల్సిన చోటు అది.

"ఏ బేలు?" అన్నాను.

నేనే అన్నాను. గొంతు నాదే, ఆతృతగా ఉంది, ఆవులింత లేదు, ఇన్నేళ్లలో నా గొంతులో ఆవిడ ఎప్పుడూ వినని వేడి ఉంది. ఆవిడ విన్నది. కూతురికి జ్వరం తగ్గినప్పుడు రాని వేడి, పాలపంటికి రాని వేడి, ఒక గోనెమూట కోసం ఇంతుందా అన్నట్టు ఆవిడ కనుబొమలు ఒక్కసారి లేచి దిగాయి. భూమి చీలితే బాగుండు అంటారు, నాకు అలా అనిపించలేదు, కొట్టులో పేర్చిన బేళ్లన్నీ ఒక్కసారిగా నా మీద పడి మూసేస్తే బాగుండనిపించింది. చెవులు కాలుతున్నాయి. కూలీల్లో ఒకడు తల పక్కకి తిప్పుకున్నాడు. అంటే ఎట్టకేలకు నా మొహం మీద ఏదో కనబడుతోందన్నమాట.

ఆవిడ లేచింది. కోటు మడిచింది. గుండీలాయనతో నెమ్మదిగా, మీ అరలు పెట్టుకోండి అన్నయ్యా, పందెం పందెమే, ఈయనకి మళ్లీ ఆట మాత్రం పెట్టకండి, అంది. ఆయన కాదన్నాడు, బతిమాలాడు, ఏడుపు గొంతుతో అరిచాడు కూడా. ఆవిడ వినలేదు. మిషను తల విప్పి రెండు చేతులా ఎత్తుకుంది. నేను చేయి వేయబోతే మోచేత్తో తప్పించింది. ఆవిడ ఒక్కతే మోసుకుని బేళ్ల మధ్య సందులోంచి వెనక్కి వెళ్తుంటే నేను వెనకాల ఉత్తచేతులతో నడిచాను. ఆ సందు ఎంత పొడుగో నాకు ఇవాళ తెలిసింది.

వెనక ఉన్న చిన్న లైటు వేసుకుంది. అదే కోటు తీసింది. దారం తడిచేసి, సూది లైటుకి పట్టి గుచ్చింది, తప్పింది, మళ్లీ గుచ్చింది, సూది పక్కనించి దారం పోయింది. ముందర గుండీలాయన అరలు నేలకి దింపుతున్న చప్పుడు, ఆ అరలు నిలబడేకొద్దీ లోపల ఇంకొంచెం చీకటి. ఆవిడ మళ్లీ ప్రయత్నించలేదు. సూదీ దారం నా వైపు చాచింది, తల తిప్పకుండా.

"ఎక్కించండి."

తీసుకున్నాను. నా రెండు కళ్లూ బాగానే ఉన్నాయి, అయినా మొదటిసారి పోలేదు, రెండోసారి పోలేదు. చేయి వణుకుతోంది మీకు, అంది ఆవిడ, ఓదార్పుగా కాదు, గుడ్డ మీద మరక ఉందని చెప్పినట్టు. మూడోసారికి ఎక్కింది. ఇచ్చేశాను. కుట్టుకోవడం మొదలుపెట్టింది, నన్ను వెళ్లమని మాత్రం అనలేదు.

ఇదీ లెక్క. కోట్లు పోయాయి, కొట్టు ముందరి వెలుతురు పోయింది, ఆ వెలుతురు చూసి ఆగే జనం రేపటినించి పోతారు, ఐసుగడ్డ అన్న పేరు కూలీలు సాయంత్రానికి కరిగించేస్తారు, నష్టానికిచ్చే మనిషి కాదుగా అన్న మాట ఇక ఆ నోటినుంచి రాదు, దానికి నేను వెల కట్టలేను. వచ్చింది ఒకటి. ఆ దారం అయిపోయాక మళ్లీ ఎక్కించాలి, ఆవిడ అడిగిన ప్రతిసారీ ఎక్కించాలి, అందుకని స్టూలు తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. ఆ పని నాకు దొరికింది.